అవశేషాల విశ్లేషణలో అత్యల్ప పీడనాల కొలత: అయనీకరణ శూన్య గేజ్ చెప్పేది, చెప్పనిది

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట మండలంలో సవర, జాతాపు గిరిజన రైతులు కొండవాలుల్లో పసుపు, అనాస, జీడిమామిడి, చింత వంటి పంటలపై ఆధారపడి జీవిస్తున్నారు. ఇటువంటి భూముల్లో పండిన పసుపును రసాయన అవశేషాలు లేని ఉత్పత్తిగా అమ్ముకోవాలంటే రైతు మాట ఒక్కటే చాలదు. కొనుగోలుదారు పరీక్షాశాల నివేదికను అడుగుతాడు. నమూనా కొండ దిగి నగరంలోని పరీక్షాశాలకు చేరుతుంది. కొన్ని రోజులకు వచ్చిన నివేదికలో ఒక్కొక్క పురుగుమందు పేరుకు ఎదురుగా ‘కనుగొనబడలేదు’ అన్న మాట ఉంటుంది.

ఆ మాటకు రెండు అర్థాలు ఉండవచ్చు. నమూనాలో మందు లేకపోవడం ఒకటి. మందు ఉన్నప్పటికీ ఆనాడు పరికరానికి దానిని చూడగల శక్తి లేకపోవడం రెండవది. కాగితం మీద ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. పరికరానికి చూడగల శక్తి ఉన్నదా లేదా అన్నది నిర్ణయించే అంశాల్లో దాని లోపలి శూన్యం ముఖ్యమైనది. ఆ శూన్యాన్ని కొలిచే అయనీకరణ గేజ్ పనితీరును పరీక్షాశాల సిబ్బందికే వదిలివేయడం మన వ్యవసాయ విద్యలో అలవాటుగా మారింది. నమూనాలు పంపేవారు, నివేదికలను రైతులకు వివరించేవారు కూడా దీనిని తెలుసుకోవలసిన అవసరం ఉన్నది.

ముందుగా పరిమాణాలను గమనించాలి. ఏ ప్రత్యేక పరిమితీ నిర్ణయించని మందులకు ఐరోపా సమాఖ్య వర్తింపజేసే సాధారణ గరిష్ఠ పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము, అనగా పది కోట్లలో ఒక వంతు. పసుపు వంటి ఎండు సుగంధ ద్రవ్యం 2 గ్రాములను 10 మిల్లీలీటర్ల ద్రావణితో సంగ్రహించి, అందులో ఒక మైక్రోలీటరును గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోనికి పంపితే, లోపలికి వెళ్ళేది 0.2 మిల్లీగ్రాము పసుపుకు సమానమైన సారం. పరిమితి వద్ద అందులో ఉండే పురుగుమందు 2 పికోగ్రాములు మాత్రమే. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. క్లోరిపైరిఫాస్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఇది సుమారు 340 కోట్ల అణువులకు సమానం. ఈ కొద్దిపాటి అణువులను అయాన్లుగా మార్చి, వాటి ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించే పని మాస్ స్పెక్ట్రోమీటరుది. దారిలో ఇతర వాయువుల అణువులు అడ్డు తగిలితే అయాన్లు దారి తప్పుతాయి. శూన్యం అవసరమయ్యేది ఇందుకే.

కొండ మీది పీడనం, పరికరంలోని పీడనం

పీడనం తగ్గడం కొండ ప్రాంతాల్లో పనిచేసేవారికి కొత్త విషయం కాదు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సగటున 1013 హెక్టోపాస్కళ్లు. దాదాపు 840 మీటర్ల ఎత్తులో ఉన్న చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వద్ద ప్రామాణిక వాతావరణ లెక్క ప్రకారం ఇది సుమారు 916 హెక్టోపాస్కళ్లకు దిగుతుంది. నీరు మూడు డిగ్రీల సెల్సియస్ తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరుగుతుంది. ఈ మాత్రపు తేడాను పాదరస భారమితి చక్కగా చూపుతుంది.

మాస్ స్పెక్ట్రోమీటరు లోపలి పీడనం పాస్కల్‌లో వందవ వంతు కంటే తక్కువ. అంటే వాతావరణ పీడనంలో కోటి వంతుకు దిగువన. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినుల్లోనూ, ఉపరితలాలను పరిశీలించే పరికరాల్లోనూ ఇది ఇంకా వేలు, లక్షల రెట్లు పడిపోతుంది. ఇక్కడ ‘శూన్యం’ అన్న మాట కొంత మోసపూరితమైనదే. గది ఉష్ణోగ్రత వద్ద ఒక పాస్కల్ పీడనంలో ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 × 10¹⁴ అణువులు ఉంటాయి. పాస్కల్‌లో వంద కోట్ల వంతు, అనగా 10⁻⁹ పాస్కల్, అనే అతి గొప్ప శూన్యంలో సైతం ఘన సెంటీమీటరుకు రెండున్నర లక్షల అణువులు మిగిలే ఉంటాయి.

భారమితి పీడనాన్ని బలంగా కొలుస్తుంది. ఆ మార్గం ఎంతవరకు పనిచేస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 10⁻³ పాస్కల్ పీడనం ఒక చదరపు సెంటీమీటరుపై కలిగించే బలం పది మైక్రోగ్రాముల బరువుకు సమానం. పలుచని లోహపు పొర వంగడాన్ని విద్యుత్ పరంగా గుర్తించే ధారిత్వ గేజ్‌లకు ఇది దాదాపు చివరి మెట్టు. 1874 లో మెక్లౌడ్ రూపొందించిన పాదరస గేజ్ వాయువును తెలిసిన నిష్పత్తిలో కుదించి, పెరిగిన పీడనాన్ని కొలుస్తుంది. కుదించినప్పుడు నీటి ఆవిరి ద్రవంగా మారుతుంది గనుక తేమ ఉన్నచోట దాని లెక్క తప్పుతుంది. 1906 నాటి పిరానీ గేజ్ వేడి తీగ నుండి వాయువు ఎంత ఉష్ణాన్ని తీసుకుపోతుందో చూస్తుంది. సాధారణ పిరానీ గేజ్‌లు 0.1 పాస్కల్ సమీపంలోనే నమ్మదగిన పరిధిని దాటుతాయి. అంతకంటే దిగువకు వెళ్ళాలంటే బలాన్నీ ఉష్ణాన్నీ వదలి అణువులనే లెక్కించాలి.

అయాన్ల లెక్క

ఓ. ఇ. బక్లీ 1916 లో ప్రకటించిన వేడి కాథోడ్ అయనీకరణ గేజ్ సూత్రం ఈనాటికీ మారలేదు. వేడెక్కిన తంతువు ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. ధన విద్యుత్ పొటెన్షియల్ ఉన్న తీగల జాలకం, అనగా గ్రిడ్, వాటిని ఆకర్షిస్తుంది. గ్రిడ్ తీగల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి ఎలక్ట్రాను వెంటనే దానిని తాకదు. లోపలికి, వెలుపలికి పలుమార్లు తిరిగి చివరకు తీగపై పడుతుంది. ఆ ప్రయాణంలో ఎదురైన వాయు అణువును ఢీకొంటే దాని నుండి ఒక ఎలక్ట్రాను ఊడి, ధనావేశం గల అయాను ఏర్పడుతుంది. గ్రిడ్‌తో పోలిస్తే రుణ పొటెన్షియల్‌లో ఉన్న మూడవ ధ్రువం, కలెక్టర్, ఈ అయాన్లను సేకరిస్తుంది. సాధారణంగా గ్రిడ్‌ను 180 వోల్టుల వద్ద, తంతువును 30 వోల్టుల వద్ద, కలెక్టర్‌ను భూమి పొటెన్షియల్ వద్ద ఉంచుతారు. ఎలక్ట్రాన్లకు లభించే శక్తి 150 ఎలక్ట్రాన్ వోల్టులు. చాలా వాయువులు బాగా అయనీకరణం చెందే శక్తి ఈ ప్రాంతంలోనే ఉన్నది.

అణువులు ఎన్ని ఉంటే అయాన్లు అన్ని. కనుక కలెక్టర్ విద్యుత్ ప్రవాహం మూడింటి లబ్ధం: ఎలక్ట్రాన్ ప్రవాహం, పీడనం, గేజ్ సున్నితత్వం. నైట్రోజన్‌కు ఈ సున్నితత్వం సాధారణ గేజ్‌లో పాస్కల్‌కు సుమారు 0.075. తంతువు నుండి 4 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం తీసుకుంటున్నప్పుడు, 10⁻³ పాస్కల్ వద్ద కలెక్టర్‌కు చేరేది 0.3 మైక్రో ఆంపియరు. 10⁻⁸ పాస్కల్ వద్ద అది 3 పికో ఆంపియర్లకు పడిపోతుంది. ఇంత స్వల్ప ప్రవాహాన్ని కొలిచేటప్పుడు కేబుల్ తేమ చేరి కొద్దిగా కారినా, కనెక్టర్‌పై వేలిముద్ర పడినా లెక్క తప్పుతుంది. వర్షాకాలంలో కొండ ప్రాంతపు ప్రయోగశాలల్లో ఈ సంగతి మరింత గుర్తుంచుకోదగినది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఈ గేజ్ పీడనాన్ని కొలవదు. అది కొలిచేది అణువుల సాంద్రతను. అందులోనూ అయాన్లుగా మారినవాటిని మాత్రమే. తెరపై కనిపించే పాస్కల్ లేదా టార్ విలువ తయారీదారు వేసిన ఒక గుణకం ద్వారా వచ్చినది. ఆ గుణకం నైట్రోజన్‌కు వర్తిస్తుంది.

వరికి సరిచేసిన తేమ మాపకం

ధాన్యం కొనుగోలు కేంద్రంలో వాడే తేమ మాపకం ఈ విషయాన్ని సులువుగా బోధపరుస్తుంది. ఆ పరికరం నిజానికి తేమను కొలవదు; గింజల విద్యుత్ ధర్మాన్ని కొలిచి, దానిని తేమ శాతంగా మార్చి చూపుతుంది. వరికి సరిచేసిన అమరికలో మొక్కజొన్న పోస్తే ఒక అంకె వస్తుంది, కానీ అది మొక్కజొన్న తేమ కాదు. అందుకే పంటను ముందుగా ఎంచుకోవాలి. అయనీకరణ గేజ్‌లో ‘పంట’ను ఎవరూ ఎంచుకోరు. అది ఎల్లప్పుడూ నైట్రోజన్ అమరికలోనే ఉంటుంది.

నైట్రోజన్ సున్నితత్వాన్ని 1 గా తీసుకుంటే ఆర్గాన్‌ది సుమారు 1.3, కార్బన్ డయాక్సైడ్‌ది 1.4. ఆక్సిజన్, నీటి ఆవిరి దాదాపు నైట్రోజన్‌తో సమానం. హైడ్రోజన్‌ది 0.46 మాత్రమే. హీలియం అన్నింటికంటే తక్కువ, సుమారు 0.18. హీలియం పరమాణువు తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టి ఉంచడమే దీనికి కారణం. దీనికి విరుద్ధంగా ద్రావణుల వంటి బరువైన సేంద్రియ ఆవిరులు నైట్రోజన్ కంటే అనేక రెట్లు అధికంగా కనిపిస్తాయి.

గ్యాస్ క్రొమటోగ్రాఫ్–మాస్ స్పెక్ట్రోమీటరులో వాహక వాయువు సాధారణంగా హీలియం. పరికరంలో ఉన్న వాయువులో అత్యధిక భాగం గేజ్‌కు అతి తక్కువగా కనిపించే వాయువే అన్నమాట. లెక్క వేసి చూస్తే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది. నిమిషానికి ఒక మిల్లీలీటరు హీలియం ప్రవాహం సెకనుకు సుమారు 1.7 × 10⁻³ పాస్కల్–ఘనమీటరుకు సమానం. టర్బో పంపు సెకనుకు 200 లీటర్ల వేగంతో దీనిని తొలగిస్తుంటే లోపల నిలిచే అసలు పీడనం సుమారు 8.4 × 10⁻³ పాస్కల్. గేజ్ చూపేది అందులో 0.18 వంతు, 1.5 × 10⁻³ పాస్కల్. టార్‌లలో చెప్పాలంటే అసలు పీడనం 6 × 10⁻⁵ దాటి ఉండగా తెరపై 1.1 × 10⁻⁵ కనిపిస్తుంది. పరికరం తయారీదారులు ‘సాధారణ విలువ’గా సూచించే అంకెలు ఈ సరిదిద్దని అంకెలే అయి ఉంటాయి. అందువలన పోలిక వరకు ఇబ్బంది లేదు. ఆ అంకెను అసలు పీడనంగా భావించి పంపు సామర్థ్యాన్నో, అయాన్ల ప్రయాణ దూరాన్నో లెక్కించే విద్యార్థి మాత్రం ఐదున్నర రెట్లు తప్పుతాడు.

ఈ 8.4 × 10⁻³ పాస్కల్ వద్ద ఒక్క ఘన సెంటీమీటరులో సుమారు రెండు లక్షల కోట్ల హీలియం పరమాణువులు ఉంటాయి. పైన చెప్పిన పసుపు సారంతో వచ్చిన మొత్తం క్లోరిపైరిఫాస్ అణువులకు ఇది దాదాపు 600 రెట్లు. అయినా విశ్లేషణ సాధ్యమవుతున్నదంటే కారణం, ఆ పీడనం వద్ద హీలియంలో ఒక అణువు మరొకదానిని ఢీకొనేలోగా సగటున రెండు మీటర్లకు పైగా ప్రయాణించగలగడం. అయాన్లను వేరుచేసే నాలుగు కడ్డీల నిర్మాణం, అనగా క్వాడ్రుపోల్, పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. పీడనం పదింతలు పెరిగితే ఈ రెండు దూరాలూ సమానమవుతాయి. అప్పుడు చాలా అయాన్లు గమ్యం చేరవు. 2 పికోగ్రాముల సంకేతం నేపథ్యపు రొదలో కలిసిపోతుంది.

హీలియం ధర పెరిగి, సరఫరా ఒడుదొడుకులకు లోనవుతున్నందున అనేక పరీక్షాశాలలు హైడ్రోజన్ వైపు మళ్ళుతున్నాయి. అసలు పీడనం మారకపోయినా గేజ్ అంకె ఈ మార్పుతో రెండున్నర రెట్లు పెరుగుతుంది. దానిని లీకుగా పొరబడి పరికరాన్ని విప్పడం అనవసర శ్రమ. మూడు క్వాడ్రుపోళ్ల పరికరాల్లో అయాన్లను ఢీకొట్టించే గదికి పంపే నైట్రోజన్ లేదా ఆర్గాన్ కూడా అంకెను పెంచుతుంది. వాయువు తెరచినప్పటి విలువను, మూసినప్పటి విలువను వేర్వేరుగా నమోదు చేయకపోతే పాత పుస్తకాల్లోని అంకెలకు అర్థం ఉండదు. యూనిట్ల సంగతీ ఇంతే. కొన్ని పరికరాలు టార్‌లలో, కొన్ని మిల్లీబార్లలో, మరికొన్ని పాస్కళ్లలో చూపుతాయి. ఒక టార్ 133.3 పాస్కళ్లు, ఒక మిల్లీబారు 100 పాస్కళ్లు.

శూన్యం ఆగినదా, గేజ్ ఆగినదా?

కెల్డాల్ పద్ధతిలో నత్రజని నిర్ధారించినవారికి ‘బ్లాంకు’ విలువ సుపరిచితం. నమూనా లేకపోయినా కారకాల నుండి కొంత విలువ వస్తుంది. నమూనాలో నత్రజని బాగా తక్కువైతే బ్లాంకే మొత్తాన్ని మింగేస్తుంది. అయనీకరణ గేజ్ చరిత్రలో సరిగ్గా ఇటువంటి ఘట్టం ఒకటి ఉన్నది.

1940ల వరకు గేజ్‌లు 10⁻⁸ టార్, అనగా సుమారు 10⁻⁶ పాస్కల్, కంటే తక్కువ పీడనాన్ని చూపేవి కావు. ఎంత మంచి పంపు పెట్టినా అంకె అక్కడే ఆగిపోయేది. పంపులకు అదే హద్దు అని అనుకోవడం సహజం. కానీ శుభ్రపరచిన లోహ ఉపరితలాలపై వాయువు పేరుకునే వేగాన్ని గమనించినవారికి పీడనం అంతకంటే చాలా తక్కువగా ఉన్నట్లు తోచింది. 1947 లో డబ్ల్యు. బి. నాటింగ్‌హామ్ ఒక వివరణ సూచించాడు: గ్రిడ్‌ను తాకిన ఎలక్ట్రాన్లు మృదువైన ఎక్స్-కిరణాలను పుట్టిస్తాయి, ఆ కిరణాలు కలెక్టర్‌పై పడి అక్కడి నుండి ఎలక్ట్రాన్లను వెళ్ళగొడతాయి. కలెక్టర్ నుండి ఒక ఎలక్ట్రాను పోవడం, కలెక్టర్‌కు ఒక ధన అయాను రావడం కొలత పరికరానికి ఒకటే. ఈ ప్రవాహం పీడనంతో సంబంధం లేకుండా స్థిరంగా ఉంటుంది. హద్దు పంపుది కాదు, గేజ్‌ది.

పాత గేజ్‌లో తంతువు మధ్యన, దాని చుట్టూ గ్రిడ్, అన్నింటికీ వెలుపల విశాలమైన గొట్టం వంటి కలెక్టర్ ఉండేవి. 1950 లో వెస్టింగ్‌హౌస్ పరిశోధనాశాలకు చెందిన ఆర్. టి. బేయార్డ్, డి. ఆల్పర్ట్ ఈ అమరికను తలక్రిందులు చేశారు. తంతువు వెలుపలికి వచ్చింది. కలెక్టర్ గ్రిడ్ మధ్యలో వెంట్రుకంత సన్నని తీగగా మారింది. ఎక్స్-కిరణాలు తాకే వైశాల్యం వందల రెట్లు తగ్గింది. అయాన్లు మాత్రం గ్రిడ్ లోపలే పుడుతున్నాయి కనుక ఆ తీగకే చేరుతున్నాయి. ఒక్కసారిగా కొలత హద్దు 10⁻⁹ పాస్కల్ దరిదాపులకు దిగింది. కొత్త పంపు ఏదీ కనుగొనకుండానే, గేజ్‌లోని మూడు భాగాల స్థానాలు మార్చడంతో అతి అధిక శూన్యం అనే రంగం తెరుచుకున్నది. తరువాత 1960లలో పి. ఎ. రెడ్‌హెడ్ రూపొందించిన ఎక్స్‌ట్రాక్టర్ గేజ్ అయాన్లను గ్రిడ్ నుండి బయటకు లాగి, ఎక్స్-కిరణాలకు దూరంగా సేకరించి, ఇంకా దిగువకు వెళ్ళింది.

బేయార్డ్–ఆల్పర్ట్ అమరిక నేటికీ అత్యధికంగా వాడుకలో ఉన్నది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్‌లోని మెన్కా పరికరంలో క్వాడ్రుపోల్ మాస్ స్పెక్ట్రోమీటరుతో పాటు మొత్తం పీడనాన్ని కొలిచేందుకు ఈ గేజ్‌నే అమర్చారు. కుజగ్రహపు పైవాతావరణంలో వాయువుల కూర్పును చూసిన ఆ పరికరానికీ, పసుపులో పురుగుమందును వెదకే పరికరానికీ మూలసూత్రం ఒక్కటే.

వేడి తంతువు అవసరం లేని మరో రకం గేజ్‌ను ఎఫ్. ఎం. పెన్నింగ్ 1937 లో ప్రవేశపెట్టాడు. కొన్ని వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం, శాశ్వత అయస్కాంతం కలిసి ఎలక్ట్రాన్లను సుడులు తిప్పి, అయాన్లను పుట్టిస్తాయి. కాలిపోయే భాగం లేనందున ఇది మొరటుగా వాడినా తట్టుకుంటుంది. కానీ తక్కువ పీడనం వద్ద వెలగడానికి సమయం తీసుకుంటుంది. ఖచ్చితత్వం కూడా తక్కువ, సగం అటూ ఇటూగా ఉండవచ్చు. వేడి కాథోడ్ గేజ్‌లో ఈ తేడా సాధారణంగా 10 నుండి 30 శాతం.

లీకు, తేమ, విద్యుత్ అంతరాయం

కాలమ్ మార్చిన తరువాత మాస్ స్పెక్ట్రోమీటరు వైపు నట్టును సరిగా బిగించకపోవడం పరీక్షాశాలల్లో తరచూ జరిగే పొరపాటు. నిమిషానికి 0.006 మిల్లీలీటరు గాలి లోపలికి దూరుతున్నదని అనుకుందాం. అదే 200 లీటర్ల పంపుతో ఇది 5 × 10⁻⁵ పాస్కల్ అదనపు పీడనాన్ని ఇస్తుంది. అసలు పీడనంలో ఇది అర శాతం కంటే కొంచెం ఎక్కువ. గేజ్‌కు హీలియం కంటే గాలి ఐదున్నర రెట్లు బాగా కనిపిస్తుంది గనుక తెరపై అంకె సుమారు 3 శాతం పెరుగుతుంది. రోజువారీ హెచ్చుతగ్గుల్లో 3 శాతాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ గాలిలోని ఆక్సిజన్ మాత్రం అయాను మూలపు తంతువును తింటూనే ఉంటుంది.

మొత్తం పీడనం చెప్పలేని ఈ విషయాన్ని మాస్ స్పెక్ట్రోమీటరే చెబుతుంది. 28 ద్రవ్యరాశి వద్ద నైట్రోజన్, 32 వద్ద ఆక్సిజన్ శిఖరాలు గాలిలోని నిష్పత్తికి దగ్గరగా, సుమారు నాలుగుకు ఒకటిగా కలిసి పెరిగితే అది లీకు. 18 వద్ద శిఖరం ఒక్కటే పెద్దదిగా ఉంటే అది తేమ. పంపును ఇంకా నడపనివ్వాలి. గేజ్ ‘ఎంత’ అన్నది చెబితే వర్ణపటం ‘ఏది’ అన్నది చెబుతుంది. రెండింటినీ కలిపి చదివే అలవాటు విద్యార్థి దశలోనే పడాలి.

తేమ సంగతి తూర్పు కనుమల వాతావరణంలో పనిచేసే ప్రయోగశాలలకు మరింత వర్తిస్తుంది. తుఫాను గాలులకు విద్యుత్తు ఆగి, బ్యాటరీ వ్యవస్థ కూడా చేతులెత్తేస్తే టర్బో పంపు ఆగిపోతుంది. గది గాలి లోపలికి చేరుతుంది. లోహపు ఉపరితలం ఒక చదరపు మీటరుపై ఒకే అణువు మందంతో నీటి పొర ఏర్పడితే అందులో సుమారు 10¹⁹ అణువులు ఉంటాయి. నైట్రోజన్, ఆక్సిజన్ నిమిషాల్లో బయటకు పోతాయి. నీరు గోడలను అంటిపెట్టుకొని గంటల తరబడి, కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు, కొద్దికొద్దిగా విడుదలవుతుంది. వర్షాకాలంలో పరికరాన్ని తెరవవలసి వస్తే గది గాలికి బదులు పొడి నైట్రోజన్‌తో నింపి తెరవడం ఈ ఆలస్యాన్ని చాలావరకు తగ్గిస్తుంది. కొండ ప్రాంతంలో ఇటువంటి పరికరాన్ని నెలకొల్పదలచినవారు పరికరం ధరతో పాటు నమ్మదగిన విద్యుత్ సరఫరా, గది తేమ నియంత్రణల ఖర్చును కూడా మొదటే లెక్కలోకి తీసుకోవాలి.

గేజ్ స్వయంగా కూడా శూన్యాన్ని మారుస్తుంది. వేడెక్కిన తంతువు చుట్టూ ఉన్న భాగాల నుండి వాయువు వెలువడుతుంది. మరోవైపు అయాన్లు గోడల్లో చిక్కుకోవడం వలన అది చిన్న పంపులా కూడా పనిచేస్తుంది. సన్నని గొట్టం చివర అమర్చిన గేజ్ తన ఇంటి పీడనాన్నే చూపుతుంది, పరికరం లోపలి పీడనాన్ని కాదు. పీడనం 0.1 పాస్కల్ కంటే బాగా దిగిన తరువాతనే తంతువును వెలిగించాలి. టంగ్‌స్టన్ తంతువు గాలి తగిలితే క్షణాల్లో కాలిపోతుంది. యిట్రియా పూసిన ఇరిడియం తంతువు కొంత తట్టుకుంటుంది. గేజ్‌ల అమరికను కాలానుగుణంగా ప్రామాణిక గేజ్‌తో పోల్చి సరిచూడాలి. మన దేశంలో ఈ ప్రమాణాల శ్రేణికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శిఖరస్థానం.

కొన్ని పరికరాల్లో అయనీకరణ గేజ్ ఐచ్ఛికం. టెండరులో దానిని తొలగించి కొంత సొమ్ము మిగిల్చడం పొదుపుగా కనిపిస్తుంది. పంపు వేగం, పంపు తీసుకునే విద్యుత్తు చూసి శూన్యాన్ని ఊహించవచ్చని చెబుతారు. పంపు పూర్తి వేగంతో తిరుగుతున్నదన్నది నిజమే కావచ్చు. లోపల ఎంత వాయువు ఉన్నదో దాని వలన తెలియదు. ఏళ్ళ తరబడి అవశేషాలను విశ్లేషించవలసిన ప్రభుత్వ పరీక్షాశాలకు ఇది సరైన పొదుపు కాదు.

నివేదికను చదవడం

సరిగా నడిచే పరీక్షాశాల శూన్యం ఒక్కదానిపైనే ఆధారపడదు. పసుపు సారం నూనెలు, రంగు పదార్థాలతో నిండి ఉంటుంది. వరుసగా కొన్ని నమూనాలు నడిపేసరికి అయాను మూలం మురికిపడి సున్నితత్వం తగ్గుతుంది. దీనిని పట్టుకోవడానికి మందు లేని పసుపు సారంలోనే ప్రమాణాలను కలిపి అమరిక చేయడం, అంతర్గత ప్రమాణాన్ని ప్రతి నమూనాలో చేర్చడం, తెలిసిన మోతాదు కలిపిన నమూనాను మధ్య మధ్య నడపడం ఆనవాయితీ. శూన్యం చెడినా ఈ పరీక్షల్లో బయటపడుతుంది. తేడా ఏమిటంటే, గేజ్ అంకె నమూనాను ఎక్కించక ముందే హెచ్చరిస్తుంది. మిగిలినవి ఎక్కించిన తరువాత చెబుతాయి. సీతంపేట నుండి ఒకే ఒక్క సంచిలో వచ్చిన నమూనా విషయంలో ఈ ముందు వెనుకలు చిన్నవి కావు.

నివేదికను అందుకున్న విస్తరణ శాస్త్రవేత్త పరీక్షాశాలను మూడు విషయాలు అడగవచ్చు. ‘కనుగొనబడలేదు’ అన్న మాట పక్కన ఆ మందుకు, పసుపులో, నిర్ధారించగల కనిష్ఠ పరిమాణం ఎంత అని రాసి ఉన్నదా? అదే రోజున 0.01 మిల్లీగ్రాము స్థాయిలో మందు కలిపిన పసుపు నమూనాలో ఆ మందు కనిపించినదా? విశ్లేషణ జరిగిన నాటి శూన్యం అంకె, వాహక వాయువు పేరుతో సహా, పరికరం దినచర్య పుస్తకంలో నమోదై ఉన్నదా? గుర్తింపు పొందిన పరీక్షాశాలకు ఇవి కొత్త ప్రశ్నలు కావు. సమాధానాలు సిద్ధంగానే ఉంటాయి.

మొదటి రెండింటికి సమాధానం లభించి, మూడవదానిలో అంకె ముందరి వారాల విలువకు దగ్గరగా ఉంటే, ఆ నివేదికను కొనుగోలుదారు ముందు ఉంచవచ్చు. అంకె రెండింతలైనట్లు కనిపిస్తే వాయువు మారినదా, కాలమ్ మారినదా, ప్రవాహం పెంచారా అని తెలుసుకోవాలి. ఏదీ మారకుండానే అంకె పెరిగితే, 18, 28, 32 శిఖరాలను చూసి కారణాన్ని సరిచేసిన తరువాత, మిగిలిన నమూనాతో విశ్లేషణను తిరిగి జరపమని కోరడం మంచిది. అందుకోసమే పసుపు నమూనాను పంపేటప్పుడు సగభాగాన్ని సీలు వేసి, చల్లని పొడి చోట, రైతు పేరు, సేకరించిన తేదీలతో సహా వెనుక ఉంచుకోవాలి.